పుస్తకం పాఠకుణ్ణి ఎలా ఊహిస్తుంది

1960 ప్రాంతంలో అమెరికాలో కొన్ని వింత పాఠ్యపుస్తకాలు అచ్చయ్యాయి. వాటిని మొదటి పేజీ నుంచి వరసగా చదువుకుంటూ పోతే తలాతోకా దొరకదు. రెండో పేజీకీ మూడో పేజీకీ పొంతన ఉండదు. నార్మన్ క్రౌడర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వాటి రూపకర్త. 'ట్యూటర్ టెక్స్ట్' అనేది ఆ పుస్తకాల వరసకు పేరు. కంప్యూటర్ల అంకగణితం నేర్పే పుస్తకం కూడా అందులో ఒకటి. ప్రతి పేజీలో కాస్త పాఠం, కింద ఒక ప్రశ్న, దానికి కొన్ని జవాబులు, ఒక్కో జవాబు పక్కన ఒక్కో పేజీ సంఖ్య ఉంటాయి. సరైన జవాబు పట్టుకున్నవాడికి ఆ పేజీలో తర్వాతి పాఠం దొరుకుతుంది. తప్పు జవాబు పట్టుకున్నవాడు వేరే పేజీ తెరుస్తాడు. అతను ఎక్కడ పొరబడి ఉంటాడో అక్కడ విడమరిచి చెప్పి, మళ్లీ ప్రశ్న దగ్గరికి పంపుతారు.

కరెంటు లేదు, తెర లేదు. ఉన్నదల్లా కాగితం, సిరా, బైండింగు దారం. అయినా ఇద్దరు విద్యార్థులు ఆ ఒక్క పుస్తకాన్నే చదివితే ఇద్దరూ రెండు దారుల్లో నడిచేవారు. అదే కాలంలో హార్వర్డ్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ బోధన యంత్రాలు చేస్తున్నాడు. విద్యార్థి అసలు తప్పు చెయ్యకుండా ఉండేంత చిన్న చిన్న అడుగులుగా పాఠాన్ని కొయ్యాలన్నది ఆయన పద్ధతి. క్రౌడర్ అందుకు ఒప్పుకోలేదు. తప్పు జరగనివ్వాలి, అది ఏ రకం తప్పో చూడాలి, దానికి తగ్గ మాట చెప్పాలి అన్నాడు. మంచి పంతులు చేసే పని ఇదే కాబట్టి నేను క్రౌడర్ పక్షమే.

ఆ పుస్తకానికి లేనిదల్లా జ్ఞాపకం. నలభయ్యో పేజీలో మీరు మూడుసార్లు బోల్తా పడ్డారన్న సంగతి తొంభయ్యో పేజీకి తెలియదు. చదివేవాడి గురించి గుర్తు పెట్టుకోవడం మొదలైన చోటే ఎలక్ట్రానిక్ పుస్తకం కాగితం పుస్తకాన్ని దాటుతుంది. ఈ అధ్యాయమంతా ఆ జ్ఞాపకం గురించే: అది దేనితో తయారవుతుంది, ఎంతవరకు నమ్మదగింది, ఎవరి చేతిలో ఉండాలి.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. ఫోనులో పుస్తకం తెరిచి అక్షరాల సైజు పెంచుకుంటాం. రాత్రిపూట తెల్ల కాగితాన్ని నల్లగా మార్చుకుంటాం. ఇక్కడ పుస్తకం మారింది గానీ మార్చింది మనం. పాఠకుడు మార్చుకోగల పుస్తకం ఒకటి, పాఠకుణ్ణి చూసి తనంతట తాను మారే పుస్తకం మరొకటి. మొదటిది చిన్నచూపు చూడదగిన పని కాదు. 1971లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మైకేల్ హార్ట్ అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను కంప్యూటరులోకి ఎక్కించి గుటెన్‌బర్గ్ ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు అక్షరం కాగితం నుంచి విడుదలైంది. తర్వాత వచ్చిన ఈపబ్ వంటి ఈ-పుస్తక రూపాల్లో స్థిరమైన పేజీ అనేదే కరిగిపోయింది. పాత్రను బట్టి నీళ్లు సర్దుకున్నట్టు తెరను బట్టి వాక్యాలు సర్దుకుంటాయి. చత్వారం వచ్చిన మనిషికి ఆ ఒక్క సౌకర్యమే కొత్త పుస్తకంతో సమానం.

ఇంత మామూలుగా కనిపించే మార్పు కూడా లోతుకు వెళితే భాషాశాస్త్రం అవుతుంది. 2012లో ఇటలీలోని పడువా విశ్వవిద్యాలయానికి చెందిన మార్కో జోర్జి, ఆయన సహచరులు 74 మంది ఇటాలియన్, ఫ్రెంచి పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. అందరూ డిస్లెక్సియా ఉన్నవాళ్లే, అంటే తెలివికి లోటు లేకపోయినా చదవడం కష్టమయ్యే పిల్లలు. అక్షరాల మధ్య ఖాళీ మామూలుకన్నా పెంచి ఇచ్చారు. ఏ శిక్షణా లేకుండానే తప్పులు సుమారు సగానికి తగ్గాయి, చదివే వేగం సుమారు 20 శాతం పెరిగింది. పక్కపక్కన ఇరుకుగా ఉన్న అక్షరాలు చూపులో ఒకదాన్నొకటి అణిచేస్తాయి. ఆ ఇరుకు కొందరు పిల్లలను మిగతావాళ్లకన్నా ఎక్కువ బాధిస్తుంది. వాటిని కాస్త ఎడం చేస్తే ఊపిరాడుతుంది.

ఇదే ఉపాయం తెలుగుకు పనికొస్తుందా అంటే, ముందు 'అక్షరం' అంటే ఏమిటో యంత్రానికి తెలియాలి. 'లక్ష్మి' మన కంటికి రెండక్షరాలు. కంప్యూటరు లోపల అది ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఖాళీ పెంచమంటే ఎక్కడ పెంచాలి? 'ల' తర్వాత పెంచాలి తప్ప 'క్ష్మి'ని చీల్చకూడదు. అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకూ సంకేతాలిచ్చే ప్రమాణం) సాధారణ నియమాలు తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా గుర్తించింది 2023లో వచ్చిన 15.1 కూర్పులోనే. అంతకుముందు ఆ నియమాన్ని ఉన్నదున్నట్టు పాటిస్తే 'క్ష్మి' మూడు ముక్కలయ్యేది. వత్తు ఒక పక్క, తలకట్టు ఒక పక్క పడిన మాటను చూసి, ఇప్పుడిప్పుడే చదవడం నేర్చుకుంటున్న పిల్లవాడు తన కళ్లనే అనుమానిస్తాడు. ఇటలీ పిల్లలకు మేలు చేసిన మార్పు మన పిల్లలకు కీడు చేసేది ఇలాంటి చోటే.

ఇక తనంతట తాను మారే పుస్తకం సంగతి. దీనికి మన అచ్చు సంప్రదాయంలోనే ఒక మంచి పోలిక ఉంది. వావిళ్లవారి కాలం నుంచి మనం చూస్తున్న సటీక కావ్యాల్లో పైన పద్యం, కింద ప్రతిపదార్థం, ఆ కింద తాత్పర్యం, చివర విశేషాలు ఉంటాయి. పండితుడికి పద్యం చాలు. విద్యార్థికి ప్రతిపదార్థం కావాలి. కథ కోసం చదివేవారు తాత్పర్యం మీద చూపు పారించి ముందుకు పోతారు. ముగ్గురి కోసమూ ఒకే పేజీలో మూడు పొరలు పేర్చారు. కాగితానికి మడత విప్పడం, ముడవడం రాదు కాబట్టి అన్నీ ఎప్పుడూ తెరిచే ఉంటాయి.

మడత విప్పే పాఠాన్ని 1960ల్లోనే టెడ్ నెల్సన్ ఊహించాడు. పాఠకుడు కోరితే పాఠం సాగి వివరంగా విచ్చుకోవాలి, వద్దంటే ముడుచుకోవాలి అన్నాడు. 'స్ట్రెచ్‌టెక్స్ట్' అని దానికి పేరు పెట్టాడు. 1990ల మొదట్లో క్రెయిగ్ బాయిల్, ఆంటోనియో ఎన్కార్నాసియోన్ ఆ ఊహను ఒక కంప్యూటరు వ్యవస్థ వివరణ గ్రంథానికి పట్టించి, 'మెటాడాక్' అనే పుస్తకం తయారుచేశారు. కొత్తవాడికి వివరణలు విప్పి ఉంచుతుంది, అనుభవజ్ఞుడికి ముడిచి ఉంచుతుంది. అందులో అందమైన భాగం ఇంకొకటి ఉంది. ముడిచిన వివరణను మీరు విప్పారనుకోండి, మీకు ఆ విషయం తాను అనుకున్నంత తెలియదని పుస్తకం గ్రహించి తన అంచనా సవరించుకుంటుంది. మీరు ముడిస్తే, ఇది తెలుసన్నమాట అనుకుంటుంది. ప్రశ్నలు వేసి విసిగించదు. చదవడమే జవాబు.

తెలిసినవాడికి వివరణ ముడవడం మర్యాద కోసం మాత్రమే కాదు. స్లావా కల్యూగా, జాన్ స్వెల్లర్ తదితరులు ఆస్ట్రేలియాలో చేసిన పరిశోధనలు చెప్పేదేమిటంటే, కొత్తవాడికి సాయపడే విపులమైన వివరణే ఆరితేరినవాడికి అడ్డు పడుతుంది. తెలిసిన సంగతిని మళ్లీ చదివి, తన బుర్రలో ఉన్నదానితో సరిచూసుకునే శ్రమ అతనికి అదనం. అందరికీ అన్నీ విప్పి పెడితే నష్టం లేదనుకోవడం పొరపాటు.

పొరల నుంచి దారుల వైపు వెళ్దాం. 1996లో పీటర్ బ్రుసిలోవ్‌స్కీ, ఆయన సహచరులు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 'ఇంటర్‌బుక్' అనే పాఠ్యపుస్తక వ్యవస్థ కట్టారు. దాదాపు అదే సమయంలో జర్మనీలో గెర్హార్డ్ వెబర్ బృందంతో కలిసి లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పే 'ఎల్మ్-ఆర్ట్' కూడా రూపొందించారు. ఇప్పటికి ముప్ఫయ్యేళ్లయినా, పాఠకుణ్ణి ఊహించే పుస్తకం లోపల ఏముంటుందో చెప్పడానికి వాటికన్నా తేటైన ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇంటర్‌బుక్‌లో ప్రతి విభాగానికీ రచయిత రెండు చీటీలు అంటిస్తాడు. ఇది చదవాలంటే ముందు ఏమేం తెలిసి ఉండాలో ఒక చీటీ మీద, ఇది చదివాక ఏం తెలుస్తుందో రెండో చీటీ మీద రాస్తాడు. మన భాషలో ఒక ఖగోళ పుస్తకం ఉందనుకుందాం. 'సూర్యగ్రహణం' విభాగానికి ముందు చీటీలో అమావాస్య అంటే ఏమిటి, కక్ష్య అంటే ఏమిటి, చంద్రుడి కక్ష్య భూకక్ష్యకు సుమారు 5 డిగ్రీల వాలులో ఉందన్న సంగతి ఉంటాయి. తర్వాతి చీటీలో గ్రహణం. పుస్తకమంతా ఇలా చీటీలు అంటిస్తే విషయాల మధ్య ఒక వల ఏర్పడుతుంది. పాఠకుడి గురించిన జ్ఞాపకం ఆ వల మీద పరిచిన పలుచని పొర: ఈ ముడి తెలుసు, ఇది తెలియదు, ఇది సగం తెలుసు.

ఆ పొరను బట్టి విషయసూచికలో ఒక్కో శీర్షిక పక్కన చిన్న రంగు గుండు కనిపించేది. పచ్చది ఉంటే మీరు సిద్ధం, ఇందులో కొత్త సంగతి ఉంది. ఎర్రది ఉంటే దీనికి కావలసినవి మీరింకా చదవలేదు. తెల్లది ఉంటే ఇందులో మీకు కొత్త లేదు. కూడలిలో దీపాల్లాంటి గుర్తులే గానీ ఎర్రగుండు ఎవరినీ ఆపదు. కావాలంటే వెళ్లవచ్చు. వెళ్లి తికమక పడితే, దీనికి కావలసిన పాఠాలు ఏవో చూపమని పుస్తకాన్నే అడగవచ్చు.

దారి మూసేయడం వేరు, దారి పక్కన గుర్తు పెట్టడం వేరు. పాఠకుడికి తగని లింకులను మాయం చేసిన వ్యవస్థలు కూడా ఆ రోజుల్లో వచ్చాయి. నిన్న ఉన్న దారి ఇవాళ కనిపించకపోతే, పుస్తకం మొత్తం ఎంత ఉందో పాఠకుడికి అంతుపట్టదు. పుస్తకంలో నాకు అర్థం కానిది ఉందని తెలియడం కూడా ఒక చదువే. పిల్లలు పెద్దల పుస్తకాలు దొంగచాటుగా తెరిచి, ముక్క అర్థం కాకపోయినా ఆ అర్థం కానితనం కోసమే మళ్లీ మళ్లీ తెరుస్తారు. వయసుకు తగ్గది మాత్రమే చూపించే పుస్తకం వాళ్లకు ఆ కిటికీ మూసేస్తుంది. మారే పుస్తకాలు కట్టేవారు ఈ ఒక్క విషయంలో కఠినంగా ఉండాలని నా పట్టుదల: గుర్తులు పెట్టండి, గోడలు కట్టకండి.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. 'ఈ ముడి తెలుసు' అని పుస్తకం ఎలా తేల్చుకుంటుంది? పేజీ తెరిచినంత మాత్రాన చదివినట్టు కాదు, చదివినంత మాత్రాన తెలిసినట్టు కాదు. పొయ్యి మీద పాలు దించి వచ్చేలోపు తెర మీద అదే పేజీ పది నిమిషాలు నిలిచిపోతుంది. పుస్తకం దాన్ని 'కష్టమైన పేజీ'గా లెక్క కట్టొచ్చు. 2012లో కిండిల్ పేపర్‌వైట్ అనే ఈ-పుస్తక పరికరం అధ్యాయం ముగియడానికి ఇంకెన్ని నిమిషాలు పడుతుందో మన వేగాన్ని బట్టి చెప్పడం మొదలుపెట్టింది. ఆ సంఖ్య ఎంత సరదాగా ఉన్నా అది అర్థమైనదానికి కొలత కాదు. అందుకే నేర్పే పుస్తకాలు ప్రశ్నల మీద ఆధారపడతాయి. ప్రశ్నకు వచ్చిన జవాబు కూడా సాక్ష్యమే తప్ప రుజువు కాదు. సాక్ష్యాన్ని తూచే ఒక లెక్కను 1990ల్లో ఆల్బర్ట్ కార్బెట్, జాన్ ఆండర్సన్ కార్నెగీ మెలన్‌లోనే తయారుచేశారు. వాళ్లు కూడా లిస్ప్ నేర్పే కంప్యూటరు పంతుళ్ల మీదే పనిచేశారు. కూడికలు, భాగహారాలు వస్తే చాలు, ఆ లెక్క చేతితో చేసి చూడవచ్చు.

మన గ్రహణం ప్రశ్నే తీసుకుందాం: 'ప్రతి అమావాస్యకూ సూర్యగ్రహణం ఎందుకు రాదు?' జవాబులు ఐదు. ఇలాంటి పాఠకులు వందమంది ఉంటే 40 మందికి సంగతి ముందే తెలుసని మొదటి అంచనా అనుకుందాం. తెలిసినవాళ్లు కూడా పదిమందిలో ఒకరు పరాకున తప్పు నొక్కుతారు. తెలియనివాళ్లు ఐదుగురిలో ఒకరు గుడ్డిగా నొక్కి సరైనది పట్టేస్తారు. అప్పుడు తెలిసిన 40 మందిలో 36 మంది, తెలియని 60 మందిలో 12 మంది, మొత్తం 48 మంది సరైన జవాబు ఇస్తారు. ఆ 48 మందిలో నిజంగా తెలిసినవారు 36 మంది. అంటే మీరు సరైన జవాబు ఇచ్చాక మీకు తెలుసు అన్న నమ్మకం నూటికి 40 నుంచి 75కు చేరింది. 100కు చేరలేదు, గమనించండి. తప్పు జవాబు ఇచ్చి ఉంటే? తప్పు చెప్పిన 52 మందిలో తెలిసినవారు నలుగురే. నమ్మకం 8 దగ్గరికి పడిపోతుంది. ఒక్క పరాకు ఎంత ఖరీదో చూడండి.

జవాబు తర్వాత వివరణ చదువుతారు కాబట్టి, తెలియని వారిలో ఐదో వంతు మంది అప్పుడు నేర్చుకుంటారని ఇంకో అంచనా కలిపితే 75 కాస్తా 80 అవుతుంది. రెండో ప్రశ్నకు కూడా సరైన జవాబు ఇస్తే, అదే లెక్క మళ్లీ చేస్తే, సుమారు 96 వస్తుంది. కార్బెట్, ఆండర్సన్ 95 దాటితే 'వచ్చేసింది' అని తీర్మానించి ముందుకు పంపేవారు. మన ఉదాహరణలో రెండు సరైన జవాబులతోనే ఆ గీత దాటేశాం. అంటే ఇలా ముందుకు వెళ్లిన వందమందిలో నలుగురు ఇంకా తెలియకుండానే వెళుతున్నారు. పుస్తకం వారికి తెల్లగుండు చూపిస్తుంది, 'ఇది నీకు వచ్చు' అంటుంది. పైగా 40, పదింట ఒకటి, ఐదింట ఒకటి లాంటి అంకెలన్నీ ఎవరో ఒకరు ఎక్కడో ఎవరి చదువునో చూసి వేసినవి. అమెరికా కళాశాలలో కొలిచిన పరాకు పార్వతీపురం బడిలో పరాకుకు సరిపోతుందన్న హామీ లేదు.

మన ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. ఒకే ఫోను ఇంటిల్లిపాదీ వాడతారు. పొద్దున అక్క చదివిన పుస్తకమే సాయంత్రం తమ్ముడు తెరుస్తాడు. పుస్తకం దృష్టిలో వాళ్లిద్దరూ ఒకే పాఠకుడు: పొద్దున అన్నీ తెలిసి, సాయంత్రానికి అన్నీ మరిచిపోయే మనిషి. లెక్క ఎంత నాజూకైనా చదివేది ఎవరో తెలియకపోతే అది తప్పుడు మనిషిని ఊహిస్తుంది.

అందుకే ఈ రంగంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన ఆలోచన సిడ్నీ విశ్వవిద్యాలయంలో జూడీ కే చాలా ఏళ్లుగా చెబుతూ వచ్చినది: పాఠకుడి గురించి యంత్రం ఏమనుకుంటోందో పాఠకుడు తెరిచి చూడగలగాలి, ఎందుకలా అనుకుంటోందో అడగగలగాలి, తప్పయితే దిద్దగలగాలి. 'వాలు కక్ష్య సంగతి నీకు తెలుసని అనుకుంటున్నాను, నిన్న రెండు ప్రశ్నలకు సరైన జవాబు చెప్పావు' అని పుస్తకం చెప్పాలి. 'లేదు, ఊహించి నొక్కాను' అనడానికి పిల్లకు ఒక బొత్తాం ఉండాలి. 'అది మా అక్క' అనడానికి ఇంకొకటి ఉండాలి. తన తెలివిడి పటాన్ని తానే చూసుకునే పిల్ల, చదువుతోపాటు తన చదువును తూచుకోవడం కూడా నేర్చుకుంటుంది.

గోప్యత కూడా ఇక్కడిదే. మీరు ఎక్కడ ఆగారో, ఏ మాట తెలియక తడుముకున్నారో, ఏ పేజీ రాత్రి రెండింటికి మళ్లీ తెరిచారో తెలిసిన పుస్తకానికి మీ స్నేహితులకు తెలియనివి తెలుసు. 2009 జులైలో అమెరికాలో అమెజాన్ సంస్థ హక్కుల వివాదం వచ్చిందని, డబ్బిచ్చి కొనుక్కున్నవారి కిండిల్‌లలోంచి జార్జి ఆర్వెల్ పుస్తకాలను దూరం నుంచే తీసేసింది. తర్వాత క్షమాపణ చెప్పింది. బీరువాలో పుస్తకానికి అలా జరగదు. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు పిల్లల ప్రవర్తనను వెంటాడి గమనించడాన్ని నిషేధించింది, మినహాయింపులు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి ఉంచింది. చట్టం ఎలా ఉన్నా, పాఠకుడి గురించిన జ్ఞాపకం పాఠకుడి పరికరంలోనే ఉండాలి, అతను చెరిపితే చెరిగిపోవాలి. పైన చేసిన లెక్కకు పెద్ద పెద్ద కంప్యూటర్లు అక్కర్లేదు. చవక ఫోను చాలు.

చివరిగా మన పుస్తకాల సంగతి. న్యూజెర్సీలో పెరిగే తెలుగుపిల్ల అమ్మమ్మతో గలగలా మాట్లాడుతుంది, చదవబోతే గుణింతం దగ్గర ఆగిపోతుంది. నల్లగొండలో ఒక పెద్దాయన గడగడా చదువుతాడు, గ్రాంథికం వస్తే తడబడతాడు. చూపు లేని విద్యార్థికి పుస్తకం వినిపించాలి. అలాంటి వారికి ప్రచురణ హక్కులు అడ్డు రాకుండా చేసిన మరకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికన్నా ముందు ఆమోదించిన దేశం మనదే. ఈ ముగ్గురికీ ఒకే పుస్తకం మూడు రకాలుగా తెరుచుకోవచ్చు. ఒకరికి మాట వెంట మాట వెలుగుతూ గొంతు వినిపిస్తుంది, ఒకరికి అర్థం విచ్చుకుంటుంది, ఒకరికి అంతా చెవిలోనే. అందుకు తెలుగు మాట లోపలి కీళ్లు యంత్రానికి తెలియాలి. 'ఊళ్లలోంచి' మీద వేలు పెడితే నిఘంటువులో 'ఊరు' దగ్గరికి వెళ్లాలి. 'పళ్లు' మీద పెడితే అవి చెట్టువో నోటివో వాక్యాన్ని చూసి తేల్చుకోవాలి. ఇలా మాటలను విడదీసే పని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం వంటి చోట్ల ఎన్నో ఏళ్లుగా జరుగుతోంది.

ఆ పనంతా నిలబడాలంటే కింద నిజమైన తెలుగు అక్షరం ఉండాలి. మన అచ్చుపుస్తకాల్లో చాలావాటిని యూనికోడ్‌కు ముందు కాలపు ఫాంట్లతో కూర్చారు. ఆ ఫైళ్ల లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు, పైన తొడిగింది తెలుగు బొమ్మ. కాగితం మీద కంటికి చక్కగా ఉంటుంది. యంత్రానికి అది అర్థం లేని గిలుకుడు, వెతకలేదు, వినిపించలేదు, విడదీయలేదు. స్కాన్ చేసిన పేజీలదీ అదే గతి. ఎంత తెలివైన పుస్తకమైనా తన అక్షరాలు తనకే తెలియకపోతే పాఠకుణ్ణి ఏం తెలుసుకుంటుంది?

కాబట్టి రచయితలకు, ప్రచురణకర్తలకు, డీటీపీ చేసేవారికి నా విన్నపం ఒక్కటే. అచ్చుకు పంపే ఫైలుతోపాటు యూనికోడ్ ప్రతి ఒకటి తీసి దాచండి. అందులో శీర్షికను శీర్షికగా, పద్యాన్ని పద్యంగా, తాత్పర్యాన్ని తాత్పర్యంగా గుర్తు పెట్టండి. వీలైతే ప్రతి అధ్యాయం తలమీద, ఇది చదవాలంటే ముందు ఏం తెలిసి ఉండాలో ఒక వాక్యం రాయండి. ఆ వాక్యం రాయడానికి ఏ సాఫ్ట్‌వేరూ అవసరం లేదు, ఈ వారం మీ చేతిలో ఉన్న పుస్తకంతోనే మొదలుపెట్టవచ్చు.